ఇంకా పేరు పెట్టలేదు

భూపాలపల్లి,
గురువారం మధ్యాహ్నం.

అమూల్యా,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు కూడా క్షేమంగా ఉండాలని, మోకాళ్ళు మరీ కొట్టుకుపోకుండా ఉండాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను. "మేము ముగ్గురం క్షేమం" అని రాద్దామనుకున్నాను గానీ పెన్ను ఆగింది. ముగ్గురం అంటే అబద్ధమవుతుంది. నలుగురం అంటే నిన్ను అడగకుండా ఇంట్లో మనుషుల్ని పెంచినట్టవుతుంది. అందుకే "అంతా" అని రాసి తప్పించుకున్నాను. ఆ సంగతికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు.

కరెంటు పోయింది, మిషన్ ఆగింది. కటింగ్ టేబుల్ మీద కాగితం పరుచుకుని కూర్చున్నాను. గని గేటు దగ్గర కాపలా ఉండేవాళ్ళ యూనిఫారాలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. రేపు వచ్చి అరుస్తారు, అరవనీ. ఆదివారం ఫోనులో నీ వెనక నిలబడ్డ అమ్మాయిలు "అక్కా, అయిందా, అయిందా" అంటుంటే నాకు "తిన్నావా, పడుకున్నావా" తప్ప మరో మాట దొరకదు. ఉత్తరంలో అయితే నన్ను తరిమేవాళ్ళు ఉండరు.

నీ ఉత్తరం అందింది. పోలీసు ట్రైనింగులో ఆ ఎత్తు గోడను మూడోసారికి ఎక్కి దూకావని రాశావు చూడు, ఆ ముక్క నేను షాపుకొచ్చిన ప్రతివాళ్ళకూ చదివి వినిపించాను. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఒక ముసలాయన అంతా విని, "మంచిగున్నది బిడ్డా, ఇగ నా ప్యాంటు సంగతి జెప్పు" అన్నాడు. నా గొప్ప నాది. ఈ వీధిలో పెళ్ళాం గోడ దూకిందని చెప్పుకుని మురిసిపోయే మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. సహస్ర బాగానే తింటోంది. జడ నేనే వేస్తున్నాను. మొదట్లో వంకర పోయేది, ఇప్పుడు కుట్టు వేసినంత నిటారుగా వస్తోంది. బడిలో మేడమ్ "జడ ఎవరు వేశారమ్మా?" అంటే "మా బాపు టైలర్ మేడమ్" అని చెప్పిందట. ఇంకొంచెం గట్టిగా అల్లితే నీ కూతురు కళ్ళు కూడా మూసుకోలేదని అమ్మ ఎగతాళి చేస్తోంది.

"అత్తమ్మకు నా మీద ఇంకా కోపమేనా?" అని అడిగావు. దానికి అవును, కాదు అని ఒక్క ముక్కలో రాయలేను. అది మూడో ప్రశ్నతో ముడిపడి ఉంది.

మూడో ప్రశ్న ఉత్తరంలోది కాదు, మొన్న ఆదివారం ఫోనులోనే అడిగావు: ఆ మొరిగిన కుక్క ఎవరిది? పక్కింటివాళ్ళదన్నాను. పక్కింట్లో కుక్క లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది మన ఇంట్లోనే ఉంది. కాగితం విసిరికొట్టకు. మన ఇంట్లో ఉంది గానీ ఇంకా మనది కాలేదు. ఉండాలా, పోవాలా అన్నది పూర్తిగా నీ చేతిలో ఉంది. ఇది నేను మర్యాదకు రాస్తున్న మాట కాదు, ఎందుకో చదివితే తెలుస్తుంది.

నీకు కుక్కంటే ఎంత భయమో నాకు తెలియదా? కురవి జాతరలో మీ నాయిన చెయ్యి పట్టుకుని నడుస్తున్న పిల్లను కరిచిన కుక్క, తర్వాత బొడ్డు చుట్టూ సూదులు, ఆ సూదుల గది గోడకున్న ఆకుపచ్చ రంగుతో సహా నాకు చెప్పావు. పెళ్ళయిన కొత్తలో మీ ఊరి బజారులో నడుస్తుంటే నువ్వు ఉన్నట్టుండి ఈ పక్క నుంచి ఆ పక్కకు మారేదానివి. కొత్త పెళ్ళికూతురి మురిపెం అనుకున్నాను. చూస్తే ఎదురుగా కుక్క. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా కుక్క ఉన్న వైపు నేను నడవడం అలవాటైపోయింది.

అక్కడ నీ పక్కన నేను లేను. పొద్దుటి పరుగులో మైదానం గేటు దగ్గర కుక్కలుంటాయని, బ్యాచ్ నడిమధ్యలో దూరి పరుగెత్తుతున్నానని, ఎవరికీ చెప్పలేదని రాశావు. ఆ ముక్క రెండుసార్లు చదివాను. సరిగ్గా అప్పుడే మన మంచం కింద ఒక కుక్క నీ ఉత్తరం తెచ్చిన మనిషిని చూసి గజగజా వణుకుతోంది. ఇద్దరి భయాలూ ఒక్కసారే నా ముందుకొచ్చాయి.

మొదటి నుంచీ చెబుతాను. మా మామకు కంటి ఆపరేషన్ అయితే సహస్రను తీసుకుని జనగామ వెళ్ళొచ్చానని నీకు చెప్పాను కదా. వాళ్ళ వీధిలో పర్వీన్ అక్క అని ఒకావిడ ఉంది, గాజుల దుకాణం. దుకాణం వెనక రేకుల షెడ్డు. రోడ్ల మీద దెబ్బలు తిన్న కుక్కల్ని తెచ్చి, పశువుల దవాఖానలో చూపించి, సూదులు వేయించి, బాగయ్యాక అడిగినవాళ్ళకు ఇస్తుంది. అడిగిన అందరికీ ఇవ్వదు. కారులో వచ్చి అడిగినవాళ్ళను కూడా వట్టి చేతులతో పంపుతుందని మామ చెప్పాడు. గాజులు చూద్దామని సహస్రను తీసుకెళితే, పిల్ల గాజులు వదిలేసి వెనక్కి పరుగెత్తింది.

ఆవిడ చెయ్యి చూడాలి అమూల్యా. ఎంత బిగుసుకున్న చేతికైనా గాజు పగలకుండా ఎక్కించే చెయ్యి. ఆ చేత్తోనే ఒక కుక్క కాలికి కట్టు విప్పుతుంటే అది చిన్న మూలుగు కూడా మూలగలేదు. "ఇంట్ల నమాజు జేస్తం గావట్టి లోపటికి రానియ్యను భయ్యా, షెడ్డు దాకనే. గనీ దూపైన కుక్కకు నీళ్లు తాపితే అల్లా మాఫ్ జేస్తడని మా అమ్మీ చెప్పేది" అంది. చెబుతూనే పని చేస్తోంది, మా వైపు చూడను కూడా లేదు.

మిగతా కుక్కలన్నీ జాలీ మీదికి ఎగబడుతుంటే ఒకటి మాత్రం మాకు వీపు పెట్టి గేటు వైపు చూస్తూ కూర్చుంది. నల్లది, ఆడది. కళ్ళ పైన గోధుమ రంగు చుక్కలు. ముందు కాలు విరిగి అతుక్కుంది, కాస్త వంకర ఉండిపోయింది. ఒక చెవి కొస లేదు. "ఎవ్వలో ఇడిసిపెట్టి పోయిండ్రు. గిప్పటిదాక గేటు దిక్కే చూస్తది. మస్తు కొట్టిండ్రు దీన్ని" అంది పర్వీన్ అక్క. ఇక సహస్ర అక్కడే చతికిలబడింది. ఇదే కావాలని ఒకటే ఏడుపు. పిల్ల ఏడుపు చూడలేక సరే అన్నాను.

ఆవిడ సరే అనలేదు. కాలు మీద కాలు వేసుకుని పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు అడిగింది.

"ఇంట్ల ఎందరున్నరు?"

"నలుగురం అక్కా."

"నలుగురు ఒప్పుకున్నరా?"

"నేను, పాప ఒప్పుకున్నం. మా అవ్వ ఒప్పుకుంటది. మా ఇంటామె పోలీసు ట్రైనింగుల ఉన్నది. ఆమెకు కుక్కంటే జర భయం."

జర భయం అన్నాను. ఎంత భయమో చెబితే ఇవ్వదని కాస్త తగ్గించాను.

"అట్లయితే ఇను భయ్యా. నలుగురు ఒప్పుకునేదాక అది మీ కుక్క గాదు, నా బిడ్డనే. మీ ఇంట్ల సుట్టం లెక్క ఉంటది. తినిపియ్యుండ్రి, కడుగుండ్రి, పేరు మాత్రం పెట్టొద్దు. పేరు పెట్టి అలవాటు జేసి వాపస్ తెచ్చిండ్రనుకో, ఆ పేరు ఎవ్వలు పిలుస్తరా అని చెవులు పెట్టుకొని కూసుంటది. గది నేను చూడలేను. మీ ఇంటామె పేరు పెట్టిననాడు ఇగ అది మీది."

"ఆమె వద్దంటే?"

"వద్దంటే తెచ్చియ్యాలె. కోపం జెయ్యొద్దు, ఆమె మీద గూడ జెయ్యొద్దు. భయం ఉన్నోళ్లది తప్పు గాదు. కసమ్?"

"కసమ్ అక్కా."

అలా మాట ఇచ్చి, బస్సులో కుక్కను ఎక్కనివ్వరని ఆ రోజు ఉత్త చేతులతోనే వచ్చాం. తర్వాతి వారం మామ కొడుకు జగపతి ట్రాలీ ఆటోలో ఇటు వస్తుంటే నేను వెళ్ళి దాన్ని ఎక్కించుకొచ్చాను.

అమ్మ గేటు దగ్గరే ఆపింది. నెల్లికుదురులో మిరప కల్లం కాడ కుక్కల మధ్య పెరిగిన మనిషి, అమ్మకు కుక్కంటే భయమేమీ లేదు. అందుకే నేను ధైర్యంగా తెచ్చాను.

"ఆపు. గీడనే ఆపు. ఎవల్నడిగి తెచ్చినవ్?"

"సహస్ర ఏడ్సిందవ్వా."

"పోరి ఏడ్సిందని ఏనుగును తెస్తవా? కోడలికి కుక్కను చూస్తే పానం పోతదని నీకెరుక లేదా? అది ఆడ ఒళ్లు హూనం జేసుకుంటుంటే, అది లేనిది చూసి దాని ఇంట్ల గిది పెడుతవా?"

నేను గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "దాని ఇంట్ల" అంది. నా ఇంట్లో అనలేదు, నీ ఇంట్లో అనలేదు. నీకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి నీతో సరిగా మాట్లాడని మనిషి, నువ్వు బస్సెక్కిన రోజు తలుపు వెనక నుంచి బయటికి రాని మనిషి, నీ తరఫున నన్ను గేటు దగ్గర నిలబెట్టి కడిగేసింది. తిట్లు తింటూ నేను ఎంత సంతోషపడ్డానో అమ్మకు తెలియదు. కసమ్ సంగతి చెప్పాక, "కోడలు చెప్పేదాక పెరట్ల ఉండనియ్యి, ఇంట్లకు గాదు" అని దారి వదిలింది.

ఇప్పుడు నా తెలివి గురించి రాయాలి. పిల్ల మీద ప్రేమతో, కుక్క మీద జాలితో ఆ రోజే కూర్చుని దానికి బొంత కుట్టాను. షాపులో మిగిలిన ముక్కలన్నీ ఏరి, లోపల దూది పెట్టి, అంచులు మడిచి, మనుషులకైనా అంత శ్రద్ధగా కుట్టి ఉండను. అది దాని దగ్గరికే రాలేదు. బొంత పక్కన అన్నం పెడితే అన్నం కూడా ముట్టలేదు. నేను బొంతను దాని వైపు జరుపుతాను, అది తడి గచ్చు మీదుగా గోడ మూలకు జరుగుతుంది. చలికి వణుకుతుంది గానీ బొంత ఎక్కదు. మేము దానికి నచ్చలేదు కాబోలనుకున్నాను. పర్వీన్ అక్కకు ఫోను చేస్తే "జర సబర్ పట్టు భయ్యా" అంది. సబర్ పట్టి చూస్తే అది ఇంకా చిక్కిపోయింది.

అప్పుడు వచ్చింది నీ ఉత్తరం. పోస్టుమ్యాన్ అక్తర్ అన్న గేటు తీశాడో లేదో, కుక్క వంకర కాలు లాక్కుంటూ అమ్మను దాటుకుని ఇంట్లోకి దూసుకెళ్ళి మంచం కింద దూరింది. అక్తర్ అన్న చిన్నబోయాడు.

"ఇన్నేండ్ల నౌకరీల నన్ను తరిమిన కుక్కల్ని మస్తు చూసిన. నన్ను చూసి ఉరికిన కుక్క గిదే మొదలు. నేనేం జేసిన్నవ్వా?"

అమ్మ గడప మీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అక్తర్ అన్నను కింది నుంచి పైదాకా చూసింది. పెరట్లో నా బొంతను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వేం జెయ్యలే అక్తర్. గది మనిషికి గాదు, బట్టకు బెదురుతుంది. ఓ టైలరూ, నీ బొంత ఏ రంగుదిరా?"

ఇంకేం రంగు? గని కాపలావాళ్ళ యూనిఫారాలు కుట్టే షాపులో ఏ ముక్కలు మిగులుతాయి? బొంత బొంతంతా ఖాకీ. దాన్ని కొట్టినవాడెవడో ఖాకీ బట్టల్లో ఉండి ఉంటాడు. ఆటో నడిపేవాడో, గోదాము కాపలావాడో, ఎవరో. దాని ప్రాణం దేన్ని చూస్తే పోతుందో దాంతోనే నేను పరుపు కుట్టి, పైగా రోజూ దాని మీదికి జరిపాను. కన్నతల్లి అయినా ఇలాంటి తప్పును వదలదు కదా. "టైలర్ల తెలివి కత్తెర దాకనే" అని అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతోంది.

బొంత తీసేసి అమ్మ తన పాత చీర మడతపెట్టి వేసింది. కుక్క ఆ పూటే అన్నం తిని, చీర మీద ముడుచుకుని పడుకుంది. గండం గడిచిందనుకుని నేను షాపుకు వెళ్ళబోతుంటే అమ్మ ఆపింది.

"పక్కబట్ట మార్చినవ్. కోడలి బట్ట గూడ మారుస్తవా?"

నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"రేపు అది గదే బట్ట ఏసుకొని ఇంటికొస్తది. కోడలు ఒప్పుకుంటదో లేదో కోడలి ఇష్టం. గనీ అది గడప తొక్కుతుంటే ఇంట్ల ఒక్క పానం గూడ దాంకోవద్దు. గది మంచిగుండదు."

అని లోపలికి వెళ్ళి మేకుకున్న నీ చొక్కా తీసింది. నీకు ఉద్యోగం వచ్చిన రోజు సంతోషం పట్టలేక కొలత కూడా తీసుకోకుండా నేను కుట్టిన ఖాకీ చొక్కా, భుజాలు జారిపోతాయి చూడు, అదే. నువ్వు దాన్ని వేసుకునే రొట్టెలు కాల్చావు, పిల్లకు స్నానం చేయించావు. అప్పుడు ముఖం తిప్పుకున్న అమ్మ ఇప్పుడు అదే చొక్కాను చీర మీద తొడుక్కుని, దాని చేతులు పైకి మడుచుకుని, రొట్టె ముక్క పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది.

ఆ దృశ్యం నువ్వు చూసి ఉంటే నీ మోకాళ్ళ నొప్పులన్నీ మర్చిపోయేదానివి. రోజూ పొద్దున అదే పని. కూరగాయల గంపతో వీధిలోకి వచ్చే లాలి ఉంది కదా, గేటు దగ్గర గంప దించి కడుపు పట్టుకుని నవ్వింది.

"ఏంది పెద్దవ్వా, నీకు గూడ కొలువచ్చిందా?"

"ఔ, వచ్చింది. నా కోడలు వచ్చేదాక దాని డ్యూటీ నేనే జేస్తున్న. నీ వంకాయలు పుచ్చులుంటే లోపలేస్త."

నేను అమ్మ కొడుకుగా ఇన్నేళ్ళు బతికాను గానీ ఆ ఓపిక అమ్మలో ఉందని నాకు తెలియదు. కుక్కను పిలవదు, బుజ్జగించదు, దాని వైపు చూడను కూడా చూడదు. రొట్టె మెట్టు మీద పెట్టి, గోడతో మాట్లాడినట్టు మిరపకాయల ధరో, మోకాళ్ళ నొప్పో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటుంది. కుక్క మొదట్లో గోడ మూల నుంచి కదల్లేదు. తర్వాత అమ్మ లేచి వెళ్ళాక వచ్చి తినేది. తర్వాత అమ్మ ఉండగానే దూరంగా వచ్చి నిలబడేది. సహస్రకు ఊపిరాడదు, గుసగుసగా "నానమ్మా, వస్తుంది, వస్తుంది" అంటుంది. అమ్మ కసిరేది.

మొన్న సోమవారం వచ్చింది. రొట్టె దగ్గరికి కాదు, ముందు చొక్కా చేతి దగ్గరికి. ముక్కు ఆనించి చాలాసేపు వాసన చూసింది. అమ్మకు కాలు మడిచి కూర్చుంటే ప్రాణం పోతుంది, నీకు తెలుసు. అయినా కదల్లేదు. చివరికి అమ్మ చేతిలో రొట్టె అందుకుని అక్కడే నిలబడి తింది. పారిపోలేదు. సహస్ర గంతులేసింది. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను.

అమ్మ లేవలేక నా చెయ్యి పట్టుకుంది. లేచాక వదల్లేదు. కళ్ళు తుడుచుకుంది.

"యుగీ, నేను గూడ గీ కుక్క లెక్కనే జేసిన్నురా. కోడలు గా చొక్కా ఏసుకున్ననాడు బట్టనే చూసిన. ఆడిపిల్లకు లాఠీ ఏందని బెదిరిన. లోపలున్నది నా కోడలే గదా అని చూడలే. అది బస్సెక్కుతుంటే తలుపెనుక నిలవడ్డ."

"రాయనా అవ్వా?"

"నువ్వెందుకు రాస్తవ్? అదొచ్చినంక నేనే జెప్త."

రాయనని నేను మాట ఇవ్వలేదు కాబట్టి రాశాను. నీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే. నువ్వు వచ్చాక అమ్మ చెబితే మాత్రం మొదటిసారి విన్నట్టు ముఖం పెట్టు.

కుక్క పూర్తిగా మారిపోయిందని నీకు అబద్ధం చెప్పను. అక్తర్ అన్న వస్తే ఇప్పుడు మంచం కిందికి వెళ్ళదు గానీ అమ్మ వెనక్కి వెళ్ళి నిలబడుతుంది. అక్తర్ అన్న దానికోసం సంచిలో బిస్కెట్లు పెట్టుకుని తిరుగుతున్నాడు. మొరగడం కూడా ఈ మధ్యే మొదలుపెట్టింది. ఆదివారం నీ గొంతు ఫోనులో విని మొరిగిందే దాని మొదటి మొరుగుడు. దాన్ని పట్టుకుని నేను పక్కింటి కుక్క అన్నాను.

ఇంకొక సంగతి మిగిలింది. ఇది అమ్మకు కూడా తెలియదు. సహస్ర ఏడ్చిందని పైన రాశాను, అమ్మకూ అదే చెప్పాను. ఏడ్చిన మాట నిజమే. కానీ బస్సు హనుమకొండ చేరేసరికి దానికి కుక్క లేదు, షెడ్డు లేదు, ఐస్‌క్రీమ్ పుల్ల చప్పరిస్తూ నా ఒళ్ళో నిద్రపోయింది. ఇంటికొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. ఆ వారమంతా పర్వీన్ అక్కకు ఫోన్లు చేసింది నేను. "తింటోందా, గేటు వైపే చూస్తోందా" అని అడిగింది నేను. జగపతిని బతిమాలుకుని ట్రాలీ ఎక్కింది నేను. కుక్క కావాల్సింది నీ కూతురికి కాదు అమూల్యా, నాకు.

నువ్వు పోలీసు కావాలని నీకంటే ఎక్కువ పట్టుబట్టింది నేనే. నువ్వు వద్దన్నా ఫీజు కట్టి, హాల్ టికెట్ తెచ్చింది నేనే. అందుకని నువ్వు లేక తోచడం లేదని అనే హక్కు నాకు లేదనుకున్నాను. షాపు మూసి ఇంటికి నడుస్తుంటే కాళ్ళు ముందుకు పడవు. ఆదివారం పొద్దున్నుంచే ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంటాను, మోగేదేమో సాయంత్రం. ఆ షెడ్డులో అది గేటు వైపు చూస్తున్న చూపు నాకు బాగా తెలిసిన చూపు. మిగతా కుక్కలు ఒళ్ళో దూకుతున్నా నా కళ్ళు దాని మీదే ఆగాయి. ఇది చదివి నువ్వు ట్రైనింగ్ వదిలి వస్తానంటే మాత్రం బస్టాండు నుంచే తిరిగి పంపిస్తాను. రమ్మని రాయడం లేదు. నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటి నా దగ్గర ఉండకూడదని రాస్తున్నాను.

ఇక నీ ఇష్టం. గోడ దూకినదానివి కుక్కకు భయపడతావా అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. గోడకు నీ మీద పగ లేదు, నిన్ను కరవలేదు. పక్కనే కుక్కలున్నా రోజూ ఆ పరుగుకు లేచి వెళుతున్నావే, నాకు గోడ కంటే అదే గొప్ప. నీకు వద్దనిపిస్తే వద్దని రాయి. కసమ్ తప్పను. కోపం చెయ్యకూడదన్నది కూడా ఆ కసమ్‌లో ఉంది. సరే అనుకుంటే దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు, దగ్గరికి రావాల్సిన పని లేదు. నువ్వు వచ్చినప్పుడు కట్టేసి ఉంచుతాను. మన ఇంట్లో కూడా కుక్క వైపు నేనే నడుస్తాను.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఈ పొద్దున చూస్తే మేకుకు నీ చొక్కా లేదు. అమ్మ ఉతకడానికి తీసిందేమో అనుకున్నాను. నువ్వు వెళ్ళినప్పటి నుంచి దాన్ని నేను ఉతకనివ్వలేదు, ఎందుకని అడగకు. చూస్తే గడప దగ్గర ఉంది. కుక్క దాన్ని మేకు నుంచి లాగి, ఈడ్చుకొచ్చి, చొక్కా చేతిలో మూతి పెట్టి పడుకుంది. ఏ బట్టను చూసి గచ్చు మీద వణికిందో ఆ బట్టలోనే. ఇంకే ఖాకీ బట్టా అది ముట్టదు, షాపులో ఖాకీ తానులకు ఇప్పటికీ దూరంగా తిరుగుతుంది. నువ్వెలా ఉంటావో అది చూడలేదు. అయినా మన నలుగురిలో నలుగురినీ అది ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది ఇక నువ్వొక్కదానివే.

పరేడ్ రోజుకు యూనిఫారం నేనే కుడతానని మీ మేడమ్‌కు చెప్పావట కదా. చిక్కిపోయి ఉంటావు, కొత్త కొలతలు రాసి పంపు. భుజం కొలత నీ పక్కనున్న అమ్మాయితో తీయించు, నువ్వు తీస్తే తప్పు తీస్తావు. ఆ కొలతల కింద ఒక పేరు రాస్తే కుక్క మనది. పేరు లేకపోతే జగపతికి ఫోను చేస్తాను, మళ్ళీ ఆ మాట ఎత్తను. అప్పటిదాకా దాన్ని "ఇగో" అని పిలుస్తున్నాం. సహస్ర నోట్లో పేర్లు చాలానే తిరుగుతున్నాయి గానీ పర్వీన్ అక్కకు ఇచ్చిన మాట కోసం పెదవులు గట్టిగా మూసుకుని తిరుగుతోంది.

కరెంటు వచ్చింది. మిషన్ మీద కూర్చోవాలి. ఒళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
నీ రాక కోసం గేటు వైపు చూస్తున్న
సహస్ర బాపు,
యుగేందర్.

ఉత్తరం మడుస్తుంటే అమ్మ షాపుకు వచ్చింది. కుక్క కూడా వెంట వచ్చి గుమ్మం అవతలే నిలబడింది. కోడలికేనా అని అడిగింది, అవునన్నాను. "ఒక్క ముచ్చట రాయి" అంది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "నువ్వొచ్చిననాడు నేను తలుపు ముందలనే నిలవడ్త బిడ్డా. గిది ఉంటే గిది గూడ నిలవడ్తది. మేం ఎవ్వలం దాంకోం."